రేడియో ఏడ్చిన పేరు

రేడియో అబద్ధం చెప్పదని మలాయి దేశంలోని ఆ రబ్బరు తోటలో అందరికీ గట్టి నమ్మకం. కర్ఫ్యూ వేళ మారితే ముందు చెప్పేది అదే. బియ్యం కోటా తగ్గితే చెప్పేది అదే. అడవిలోని తిరుగుబాటుదారుల్లో ఎవరు బయటికొచ్చి లొంగిపోయారో, ఎవరు కాల్పుల్లో పోయారో పేర్లతో సహా చెప్పేది. కూలీల మేస్త్రీ కంగాణి ఇచ్చిన మాట తప్పిన రోజులున్నాయి గానీ, మునుసామి కొట్టులో అరటిగెల పక్కన కూర్చున్న ఆ చెక్కపెట్టె మాట తప్పిన రోజు మాత్రం లేదు.

అందుకే మెర్దెకా, అదే స్వాతంత్ర్య దినం, ఇంకా కొన్ని వారాలుందనగా ఒక సాయంత్రం ఆ పెట్టె అప్పడి పేరు పెట్టి ఏడవగానే, అప్పడు చచ్చిపోయాడని అందరూ నమ్మేశారు.

ఆ వేళ అప్పడి కూతురు గుణవతి కొట్టు దగ్గరే ఉంది. పద్నాలుగేళ్ళ పిల్ల. తోట బడిలో చదువు అయిపోయాక అమ్మ వెంట రబ్బరు చెట్లకి పాలు గీయడానికి పోతోంది. నోట్లో నాలుక లేని పిల్ల అని పేరు. కిరసనాయిలు కావాలని మునుసామికి చెప్పడానికి కూడా సీసా ఎత్తి చూపించేదే తప్ప మాట పైకి వచ్చేది కాదు. అలా సీసా ఎత్తి నిలబడి ఉండగా రేడియోలో ఇంగ్లీషులో ఏదో చెప్పారు. తర్వాత సంగీతం మొదలైంది.

అది సంగీతమని ఎవరూ అనుకోలేదు. నూనె లేని తలుపుబందులా ఒక ఫిడేలు కిర్రుమంది. ఆగింది. ఇంకెక్కడో ఒక పిల్లనగ్రోవి రెండు ముక్కలు పలికి ఊరుకుంది. డోలు మీద ఎవరో వేలితో ఒక్క దెబ్బ కొట్టారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డుపడుతున్నట్టు, ఎవరి మాటా పూర్తి కానట్టు ఉంది.

"ఇదేటి, వానకి తడిసిన పిల్లులు కొట్టుకున్నట్టు?" అన్నాడు మునుసామి. తమిళ పాటలొచ్చే చోటికి ముల్లు తిప్పబోయాడు. చేతికి నూనె ఉందని గుడ్డ కోసం వెతుక్కుంటున్నాడు.

అప్పుడు ఆడగొంతు లేచింది. చాలా పైనుంచి, చెట్ల కొసలకు తగిలినట్టు.

"లేవయ్యో..."

కొట్టులో ఉన్నవాళ్ళు పెట్టె వైపు తిరిగారు. ఆ పెట్టెలోంచి తెలుగు మాట వినడం వాళ్ళకి అదే మొదలు.

"పొద్దు పొడిసింది, లేవయ్యో... అప్పడా..."

ఫిడేళ్ళన్నీ ఒక్కసారి వణికాయి. గొంతు ఇంకా పైకెక్కింది. "అప్పడా... లేవయ్యో... అప్పడా..." అంటూ సన్నబడి, సన్నబడి, చివరికి ఒక దారపు పోగంతై తెగిపోయింది. మళ్ళీ ఇంగ్లీషు మాటలొచ్చాయి.

నరసమ్మ చేతిలోని ఉల్లిపాయలు బల్లమీద పెట్టేసింది. లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, పుట్టుకకీ చావుకీ ముందుండే పెద్దమనిషి ఆవిడ. "మన శోకమే. మనోల్లు ఏడిసినట్టే ఏడిసింది," అంది. అని, మెల్లిగా తల తిప్పి గుణవతి వైపు చూసింది.

"ఊరుకోండమ్మా, ఈ దేశంలో వంద మంది అప్పళ్ళుంటారు," అన్నాడు మునుసామి. కానీ ఆ మాట అంటూ గుణవతి సీసా నిండా కిరసనాయిలు పోసి, చేతికిచ్చి, ఆ పిల్ల ముఖంలోకి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

నిజానికి వందమంది అప్పళ్ళు ఉన్నా, సర్కారు లెక్కలో ఉన్న అప్పడు ఆ తోటకి ఒక్కడే. రెండేళ్ళ కిందట లైన్ల చుట్టూ వేసిన కంచె గేటు దగ్గర సోల్జర్లు అతని సైకిలు గొట్టంలో బియ్యం పట్టుకున్నారు. ఎవరికి మోసుకెళుతున్నావని ఎంత అడిగినా చెప్పలేదు. అడవిలో వాళ్ళకేనని వాళ్ళే రాసుకుని నిర్బంధ కేంపులో పెట్టారు. మొదట్లో ఇంటివాళ్ళని అప్పుడప్పుడు చూడనిచ్చేవారు. తర్వాత వేరే కేంపుకి మార్చారన్నారు. ఆపైన కబురు లేదు.

గుణవతి ఇంటికి వచ్చేసరికి వార్త ఆమెకన్నా ముందే వచ్చి కూర్చుంది. అమ్మ ముత్యాలు గడపలో గోడకి ఆనుకుని ఉంది. రెండు చేతుల గాజుల్నీ పైటకొంగుతో చుట్టి ఒడిలో దాచుకుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు. నాయనమ్మ ఎర్రమ్మ మాత్రం పొయ్యి దగ్గర పుల్లలు విరుస్తోంది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగులే అన్నం తెచ్చి పెడతారు. నరసమ్మ ఆ పద్ధతి తప్పలేదు. చీకటి పడేలోపే మూతపెట్టిన గిన్నె తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆ రోజుల్లో ఒక ఇంటి కోటా బియ్యం ఆ ఇంటికే చాలేది కాదు. ఆ గిన్నెలో అన్నం ఉందంటే నరసమ్మ ఇంట్లో ఎవరో పస్తున్నారన్నమాటే.

ఎర్రమ్మ ఆ గిన్నె చూసింది.

"ఇదేటి నరసమ్మా?"

"తినండొదినా. రేపటికి సూసుకుందాం. ముత్యాలికి సెయ్యాల్సినవి సెయ్యాల కదా."

"నా ఇంట్లో పొయ్యి ఆరనేదు. సూడు, పొగొస్తంది. తీసుకెల్లు నీ కూడు."

"రేడియో సెప్పిందొదినా. కొట్టుకాడ అందరూ ఇన్నారు. నీ మనవరాలూ ఇంది. అడుగు."

అందరూ గుణవతి వైపు తిరిగారు. "ఇన్నాను మామ్మా," అంది. "పేరెట్టే..."

ఆ తర్వాతి మాట రాకముందే ఎర్రమ్మ రెండు చెవులూ మూసుకుంది. "సాలు. ఆ మాటలు నా గుమ్మంలో అనకు."

ఆ లైన్లవాళ్ళకి అది పెద్ద కట్టడి. శోకం మాటలు బతికున్నవాళ్ళ ఇంట్లో నోట పలకకూడదు. ఆటకి గానీ, వచ్చిన కల చెప్పడానికి గానీ అనకూడదు. శవం లేకుండా శోకం పెడితే, ఆ శోకం శవాన్ని వెతుక్కుంటూ వస్తుందంటారు. అందుకని కొట్టులో విన్న ఆడవాళ్ళు కూడా పేరు వరకే చెప్పారు. మిగతా మాటలు ఎవరూ ఆ ఇంటి దరిదాపుల్లో ఎత్తలేదు. ఎర్రమ్మ అడగలేదు. ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి వాళ్ళు తమ పొయ్యి మీద వండిన గంజే తాగారు. నరసమ్మ గిన్నె అరుగు మీదే ఉండిపోయింది. తింటే ఒప్పుకున్నట్టు. తిరిగి పంపితే పస్తున్న మనిషిని కొట్టినట్టు.

తెల్లారగట్ల ఎర్రమ్మ మనవరాలిని లేపింది. "నువ్వు సదువుకున్న గుంటవి. కిరాణీ బాబు కాడికెల్లు. ఆయన ఇంట్లోనూ రేడియో ఉంది. ఇంగిలీసులో ఏటి సెప్పినారో అడుగు. ఉన్నాడా నేడా, అంతే. ఇంకేటీ వద్దు."

"నాను మాటాడనేను మామ్మా."

"నాను ఎల్తే ఏడుపొస్తాది. నువ్వెల్తే మాట రాదు. ఏడుపు కన్నా అదే నయం, ఎల్లు."

కిరాణీ బంగారయ్య తోట ఆఫీసులో చాలా కాలంగా గుమాస్తా. భార్య పోయాక మెరక మీది బంగళాలో ఒక్కడే ఉంటున్నాడు. అప్పుడే స్నానం చేసి వరండాలో కాఫీ తాగుతున్నాడు. గుణవతి మెట్ల కింద నిలబడింది. ఆయన కప్పులో సగం అయ్యేదాకా నిలబడే ఉంది.

"ఎర్రమ్మ మనవరాలివి కదూ? అలా నిలబడితే వేళ్ళు దిగుతాయే. ఏం కావాలి?"

"బాబూ... నిన్న రేడియోలో మా అయ్య సచ్చిపోనాడని సెప్పినారు."

బంగారయ్య కప్పు దించాడు. "ఎప్పుడు? నేను వార్తలన్నీ విన్నాను. అలాంటిదేం లేదే."

"వార్తల్లో కాదు బాబూ. ఏడిసినారు. సాయంత్రం. ఫిడేలు కిర్రుమంటా..."

బంగారయ్య ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. నవ్వకూడదని గుర్తొచ్చి కండువాతో నోరు తుడుచుకున్నాడు.

"ఓసి పిచ్చిదానా. అది మా పుష్పవల్లి. నా కూతురు. కోలాలంపూర్లో దొరసానుల దగ్గర పాట నేర్చుకుంది. మెర్దెకాకి పెద్ద కచేరీ ఉంది, దాంట్లోంచి ఒక ముక్క నిన్న వినిపించారు." గొంతు తగ్గించాడు. "నేనూ చెవి పెట్టెకి ఆనించి విన్నాను. కన్నకూతురు పాడుతుంటే అది జర్మనో లాటినో తెలిసి చావలేదు. ఎలా ఉంది నాన్నా అని అడుగుతుందేమో, ఏం చెప్పాలిరా దేవుడా అని రాత్రంతా అదే దిగులు. తెలుగా అది?"

గుణవతి గుండె మీద నుంచి సగం బరువు దిగింది. మిగతా సగం దిగలేదు.

"మరి మా అయ్య పేరు ఆ అమ్మగారికి ఎవులు సెప్పినారు బాబూ?"

బంగారయ్య నవ్వు ఆగిపోయింది. ఆయన కూతురు పెళ్ళయి పట్నం పోయి ఎన్నో ఏళ్ళయింది. అప్పడు కేంపులో ఉన్నాడని ఆమెకి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అలాంటి మాటలు బిడ్డలతో కూడా అనుకునే రోజులు కావు.

"అదీ నిజమే," అన్నాడు చివరికి. "పట్నంలో ఉంటుంది. రేడియోవాళ్ళతో తిరుగుతుంది. ఏమైనా చెవిన పడిందేమో. పోలీసు స్టేషన్లో నేను అడగలేనే. ఇవాళ ఆ పేరు నేనెత్తితే రేపు నా పేరు వాళ్ళెత్తుతారు. రేపు శనివారం, నేను దాని ఇంటికి బ్రిక్‌ఫీల్డ్స్ వెళుతున్నాను. మీ అమ్మకి చెప్పి నువ్వూ రా. దాన్నే అడుగు."

మర్నాడు బస్సు మూడు చోట్ల ఆగింది. ఆగినచోటల్లా దిగి బారుగా నిలబడితే సంచులు తడిమారు. గుణవతి దగ్గర తడమడానికి ఏమీ లేదు. క్లాంగ్‌లో బస్సు మారారు. దారంతా బంగారయ్య కూతురి గురించే చెప్పాడు. చిన్నప్పుడు బంగళాలో కాలు నిలిచేది కాదట. ఎప్పుడు చూసినా లైన్ల వైపు పరుగెత్తేదట. వాళ్ళమ్మ చెవి పట్టుకుని లాక్కొచ్చేదట. గుణవతి తల ఊపుతూ కూర్చుంది. చెవిలో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది: లేవయ్యో.

బ్రిక్‌ఫీల్డ్స్‌లో పుష్పవల్లి ఇంటికి తాళం ఉంది. పక్కనే మిషను బడి హాల్లో ఉంటారని ఎదురింటావిడ చెప్పింది. హాలు బయటికే ఆ కిర్రుమనే ఫిడేలు వినబడింది.

లోపల పదిమందో పన్నెండుమందో అర్ధచంద్రాకారంలో కూర్చున్నారు. ఫిడేళ్ళు, పిల్లనగ్రోవి, నల్లటి పొడుగు సన్నాయి లాంటిదొకటి, మనిషంత ఎత్తున్న ఒక పెద్ద ఫిడేలు, డోళ్ళు. ముందు ఒక పొడుగాటి దొరసాని చెవి మీద పెన్సిలు పెట్టుకుని చేతులు ఆడిస్తోంది. ఆ పాటలు కట్టింది ఆవిడే, పేరు మిస్ గ్రేసన్ అని బంగారయ్య చెవిలో చెప్పాడు. ఆవిడ పక్కన నీలం చీర కట్టుకుని నిలబడ్డ మనిషి పుష్పవల్లి. ముప్ఫై దాటిన మనిషి. పాడనప్పుడు చాలా మామూలుగా ఉంది, సంతలో కనబడితే ఎవరూ తిరిగి చూడనట్టు.

పాడితే వేరు. మొదటి పాట మలాయి మాటలతో, రెండోది చీనా వాళ్ళ మాటలతో పాడింది. మూడోదానిలో తమిళం గుణవతికి తెలిసింది. ఒక్కో పాటా ఎక్కడో మొదలై ఎక్కడో ఆగుతోంది. పట్టుకుని కూనిరాగం తీద్దామంటే చేతికి దొరకదు. కానీ కళ్ళు మూసుకుంటే కర్ఫ్యూ వేళ లైన్లలో వినబడే చప్పుళ్ళలా ఉంది. ఎవరింట్లోనో గిన్నె పడుతుంది, ఎవరో పిల్లని కసురుతారు, కుక్క ఒకసారి అరిచి ఊరుకుంటుంది, మధ్యలో అంతా బిగబట్టిన నిశ్శబ్దం. ఈ దొరసానికి అది ఎలా తెలిసిందా అనుకుంది.

ఇంతలో నాలుగో పాట వచ్చేసింది.

"లేవయ్యో..."

గుణవతి కాళ్ళు ఎప్పుడు కదిలాయో ఆమెకే తెలియదు. బంగారయ్య కండువా పట్టుకోబోతే తప్పించుకుని, ఫిడేళ్ళ మధ్యనుంచి నడిచి వెళ్ళి పుష్పవల్లి ముందు నిలబడింది.

"ఆపండమ్మా," అంది.

వాయించేవాళ్ళు ఒక్కొక్కరే ఆగారు. గుణవతి కాక ఆ హాల్లో తెలుగు తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. వాళ్ళలో బంగారయ్య అప్పటికే సిగ్గుతో నేలచూపు చూస్తున్నాడు.

"మా అయ్య పేరు అప్పడు. కేంపులో ఉన్నాడు. మీరు రేడియోలో ఏడిసిన కాడినుంచీ మా ఇంటికి సావుకూడు తెస్తన్నారు. మా అమ్మ గాజులు తీసేమంతన్నారు. సచ్చిపోనాడని మీకెవులు సెప్పినారు?"

తన జన్మలో అన్ని మాటలు ఒక్కసారి అనడం గుణవతికి అదే మొదలు.

పుష్పవల్లి తెలుగు వాడి చాలా కాలమైనట్టుంది, మాటల్ని వెతికి వెతికి తీసింది. "ఎవరూ చెప్పలేదమ్మా. దేవుడి మీద ఒట్టు. నాకు మీ అయ్య ఎవరో కూడా తెలియదు." అక్కడే నేలమీద చతికిలబడి, గుణవతిని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇది నేను చిన్నప్పుడు విన్నది. ఆరేళ్ళుంటాయేమో. మీ లైన్లలో ఎవరో చచ్చిపోయారు. ఒకావిడ ఏడుస్తోంది. నేను తడిక సందులోంచి చూశాను. అలాంటి గొంతు నేను మళ్ళీ వినలేదు, ఇంత చదువు చదివీ. మిస్ గ్రేసన్ ఈ దేశంలో విన్న పాటేదైనా ఇమ్మని అడిగితే నాకు అదే గుర్తొచ్చింది. నాలుగు ముక్కలే గుర్తున్నాయి. అవే ఇచ్చాను. అయిదు పాటలూ ఒకటే దండ. విడిగా పాడేవి కావు. రేడియోవాళ్ళు మధ్యలోంచి ఒకటి తుంపి వినిపించారు."

"మరి ఆ అప్పడు?"

"అప్పుడు చనిపోయినాయన పేరు అదే అయ్యుండాలి. పాతికేళ్ళు దాటింది."

గుణవతి ఒక్కసారి ఊపిరి వదిలింది. పాతికేళ్ళ కిందటి చావు. తన అయ్య అప్పటికి చిన్నపిల్లాడు. ఎవరో వేరే అప్పడు, ఎప్పుడో పోయిన అప్పడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి గానీ అవి వేరే నీళ్ళు.

పుష్పవల్లి ఇంగ్లీషులో అంతా చెప్పింది. మిస్ గ్రేసన్ చెవి మీది పెన్సిలు తీసి ఎదురుగా ఉన్న కాగితాల మీద పెట్టేసింది. మిగతావాళ్ళని ఇంటికి పంపేసి, కారు తాళం తీసుకుంది. వాళ్ళ ఇంటికి వెళ్ళి ఈ మాట నువ్వే చెప్పాలి అని పుష్పవల్లితో అన్నదట.

నలుగురూ ఎక్కిన దొరసాని కారుని గేటు దగ్గర ఎవరూ తడమలేదు. మధ్యాహ్నం ఎండలో అది లైన్ల ముందు ఆగేసరికి పిల్లలూ పెద్దలూ మూగారు. సర్కారు కారు అనుకుని ముత్యాలు లోపలికి పరుగెత్తి తలుపేసుకుంది. పుష్పవల్లి అరుగు ముందు నిలబడి, చేతులు జోడించి, హాల్లో చెప్పిందంతా మళ్ళీ చెప్పింది. ఎప్పుడో చిన్నప్పుడు విన్నది పాడాను, ఆ పోయిన అప్పడు వేరే, మీ అప్పడి సంగతి నాకేం తెలియదు, తప్పయింది.

తలుపు కొంచెం తెరుచుకుంది.

అంతా సర్దుకునేదే. కానీ నరసమ్మ ఉంది కదా. "తప్పుగా అనుకోకండమ్మా," అంది పుష్పవల్లితో. "నాను ఈ లైన్లకి కోడలిగా వచ్చి ముప్ఫై ఏల్లు దాటింది. ఇక్కడ పోనోల్లందరికీ నాను నీల్లు పోసినాను. అప్పడనేవోడు ఎవుడూ పోనేదు. ఉన్న అప్పడు ఒక్కడే. మరి మీరు ఎవుడి మీద శోకం ఇన్నారు?"

తలుపు మళ్ళీ మూసుకుంది. అప్పటికి జరగని చావుని ఆరేళ్ళ పిల్ల ముందే చూసిందేమోనన్న గుసగుస అప్పుడే వెనక వరసలో మొదలైంది.

ఎర్రమ్మ అరుగు దిగింది. అంతసేపూ తల వంచుకుని వింటున్న మనిషి, ఇప్పుడు పుష్పవల్లిని నిదానంగా చూసింది.

"నువ్వు కిరాణీ బాబు కూతురివి. తడిక ఎనకాల నక్కేదానివి," అంది. "ఆ మాటలు పూర్తిగా ఇనాల నాను. ఇక్కడ కాదు. రా."

గేటు దాటించి, కంచె అవతల రబ్బరు చెట్లలోకి తీసుకెళ్ళింది. ఇల్లు లేని చోటు, పొయ్యి లేని చోటు. అక్కడైతే దోషం లేదు. సగం లైన్లు వెంట వెళ్ళాయి. మిస్ గ్రేసన్ చెప్పులు బురదలో దిగబడుతున్నా వెళ్ళింది.

"అను," అంది ఎర్రమ్మ.

ఫిడేళ్ళు లేవు, డోళ్ళు లేవు. పుష్పవల్లి చేతులు ముడుచుకుని, గొంతు దించి, ఆ నాలుగు ముక్కలూ పాడింది. లేవయ్యో. పొద్దు పొడిసింది. అప్పడా. లేవయ్యో.

ఎర్రమ్మ చుట్టూ చూసి, నేలమీద కూలబడి, తొడ మీద చేత్తో కొట్టుకుంటూ నవ్వడం మొదలుపెట్టింది. ముసల్దానికి మతి పోయిందనుకున్నారు.

"ఓలమ్మా, ఓలమ్మా. ఇది నాదే. నా ఏడుపే ఇది."

"ఏటొదినా?" అంది నరసమ్మ.

"నా మొగుడి మీద ఏడిసింది. ఎంకటసామి మీద. ఆ యేడు జెరమొచ్చి పోనేదా? నువ్వప్పుడు పురిటికి తాపా తోటలో ఉన్నావు, నువ్విననేదు." కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, కంచెకి వీపు తిప్పి మొత్తం అంది. పాడలేదు, మెల్లగా అంది:

"లేవయ్యో ఎంకటసామీ, లేవయ్యో
పొద్దు పొడిసింది, పనికి గంట కొట్టినారు
సూడయ్యో నీ కొడుకు గడపకాడ కూకున్నాడు
అప్పడా, రా నాయనా, మీ అయ్యని నువ్వు లేపు."

వింటున్నవాళ్ళందరికీ ఒకేసారి అర్థమైంది. శోకంలో పోయినవాణ్ణి పిలుస్తారు, పిలిచి బతికున్నవాళ్ళని చూపిస్తారు. ఆరేళ్ళ పిల్లకి గడపలో కూర్చున్న పదేళ్ళ పిల్లాడి పేరు గుర్తుండిపోయింది. పోయినవాడి పేరు జారిపోయింది. చచ్చినవాడి చోట బతికినవాడు వచ్చి పడుకున్నాడు.

"నా మొగుడికి నానేసిన దండ తెచ్చి నా కొడుకు మెడలో ఏసినావు," అంది ఎర్రమ్మ పుష్పవల్లితో. కోపమేనేమో గానీ, ముఖం నిండా నవ్వే ఉంది. "నీ గొంతు తగలెయ్య. ఎంత పైకి ఎల్లిపోతాదే అది."

నరసమ్మ ముక్కు చీదింది. "పోనీలే. బతికున్నోడి మీద సావుకబురొస్తే ఆయుస్సు పెరుగుతాది. అప్పడికింక నూరేల్లు."

"ఆయుస్సు పెరిగింది సరే, నీ గిన్నె తీసుకెల్లు. మూడు రోజుల నుంచి మా అరుగు మీద నీ అన్నం పులుస్తంది," అంది ఎర్రమ్మ. అందరూ నవ్వారు. నరసమ్మ కూడా.

మిస్ గ్రేసన్‌కి బంగారయ్య విడమరిచి చెప్పాడు. ఆవిడ ఆ పాట తీసేస్తానంది. ఎర్రమ్మ ఒప్పుకోలేదు. తీసేస్తే అప్పడి మీద ఏడ్చిన ఏడుపు అలాగే గాల్లో ఉండిపోతుంది, అది అసలువాడికి చేరాలి అంది. "సరిగ్గా పాడమను. పోనోడిని ముందు పిలవాల. బతికినోడిని తర్వాత సూపించాల. అంతే." దొరసాని వెంకటసామి పేరుని పెదవుల మీద అటూ ఇటూ తిప్పుకుంటూ, పొడుగుపేరు ఫిడేళ్ళ మధ్య ఎక్కడ పడుతుందో వేళ్ళమీద చూసుకుంటూ కారెక్కింది.

మెర్దెకా వారంలో కచేరీ వచ్చింది. కొట్టు ముందు కాగితపు జెండాలు కట్టి ఉన్నాయి. ఈసారి అయిదు పాటలూ వరసగా వచ్చాయి. మునుసామి ముల్లు మీద చెయ్యి వెయ్యలేదు. సంగీతం ఎవరికీ నచ్చలేదు. నాలుగో పాటలో వెంకటసామి పేరు పైకి లేచి, ఆ వెనకే అప్పడి పేరు నెమ్మదిగా, చిన్నపిల్లాణ్ణి దగ్గరికి పిలిచినట్టు వచ్చేసరికి మాత్రం ఎర్రమ్మ కళ్ళు మూసుకుని తల ఊపింది. "ఇప్పుడు సరిపోయింది," అంది.

అయినా ముత్యాలుకి నిద్ర పట్టేది కాదు. అంతా తెలిసినా, మనిషిని కళ్ళతో చూడలేదు కదా. శోకం అన్నది శోకమే కదా. గాజులు చప్పుడైతే ఉలిక్కిపడేది. మెర్దెకా అయిన కొన్నాళ్ళకి కేంపులో చూడనిస్తారని కబురొచ్చింది. ముగ్గురూ బయల్దేరారు. దారిలో ఎర్రమ్మ గట్టిగా చెప్పింది: "వాడికి ఈ సంగతి అనకండి. బతికున్నోడి సెవిన అది పడకూడదు."

రెండు వరసల ముళ్ళతీగ. అటువైపు షెడ్డు. గార్డు పేరు పిలిచాడు. చాలాసేపు ఎవరూ రాలేదు. గుణవతి అమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. గార్డు మళ్ళీ పిలిచాడు.

షెడ్డు వెనక నుంచి చేతులు తుడుచుకుంటూ అప్పడు వచ్చాడు. చిక్కిపోయాడు. మీసం పెంచాడు.

ఎర్రమ్మ నోరు జారింది. "ఏరా, బతికే ఉన్నావా?"

"ఏం? సచ్చిపోనానని ఎవులైనా సెప్పినారేటి?" అన్నాడు అప్పడు.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు గుణవతికే నవ్వొచ్చింది. నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆ పిల్లని చూసి ముత్యాలు నవ్వింది, ఎర్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పడికి ఏమీ అర్థం కాలేదు. "మీకేటయింది?" అని అడిగాడు. గార్డుని కూడా అడిగాడు.

వాళ్ళు తెచ్చిన పొట్లం గార్డు విప్పి చూసి లోపలికి అందించాడు. వేయించిన ఎండుచేప. అప్పడు నిలబడే ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలాడు.

"ఉప్పెక్కువైంది," అన్నాడు.

"అయితే ఇటియ్యి," అంది ముత్యాలు, చెయ్యి చాపి.

అతను పొట్లం వెనక్కి లాక్కుని ఇంకో ముక్క తీశాడు.